తప్పు రాసినా దొరకాలి

బ్రిట్నీ స్పియర్స్ పేరును జనం ఎన్ని రకాలుగా రాయగలరు? 2000ల మొదట్లో గూగుల్ ఒక జాబితా బయటపెట్టింది. మూడు నెలల్లో ఆ గాయని కోసం వెతికినవాళ్లు కొట్టిన స్పెల్లింగులు దాదాపు 600 రకాలు! ఒక్కరే చేసిన పొరపాట్లను పక్కన పెట్టాక తేలిన లెక్క అది. అయినా, సరిగ్గా రాసినవాళ్లే అందరికన్నా ఎక్కువ. 'మీ ఉద్దేశం ఇదా?' అని సెర్చ్ ఇంజన్ ధీమాగా అడగగలిగేది ఆ మెజారిటీని చూసుకునే. ఏ నిఘంటువూ దానికి ఆ పేరు నేర్పలేదు. తప్పూ జనమే రాశారు, దిద్దుబాటూ జనమే ఇచ్చారు.

ఈ విద్య గూగుల్‌తో పుట్టింది కాదు. ఇంటిపేర్లను స్పెల్లింగును బట్టి కాక పలికే తీరును బట్టి కార్డుల్లో సర్దే సౌండెక్స్ పద్ధతికి 1918లోనే అమెరికాలో రాబర్ట్ రసెల్ పేటెంట్ తీసుకున్నాడు. 1964లో ఫ్రెడరిక్ డామెరౌ తప్పుల స్వభావం తేల్చాడు. తాను చూసిన తప్పుల్లో నూటికి 80 నాలుగు రకాల్లోనే ఇమిడిపోయాయి: ఒక అక్షరం ఎగిరిపోవడం, ఒకటి అదనంగా పడడం, ఒకదానికి బదులు ఇంకొకటి రావడం, పక్కపక్కవి తారుమారు కావడం. అచ్చుతప్పును మనం వేళాకోళంగా 'అప్పుతచ్చు' అంటామే, అది ఈ నాలుగో రకానికి దూరపు చుట్టం. మరుసటి ఏడాది సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ దీనికో కొలబద్ద ఇచ్చాడు. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని మార్పులు కావాలో, ఆ రెండింటి మధ్య దూరం అంత.

దూరం ఒక్కటే చాలదు. ఒకే దూరంలో పది మాటలుంటే ఏది ఎంచాలి? గూగుల్‌లో పనిచేసిన పీటర్ నార్విగ్ 2007లో అర పేజీ కోడ్‌తో దీనికి జవాబు చూపించాడు. ఏడక్షరాల ఇంగ్లీషు మాటకు ఒక్క మార్పుతో దాదాపు 400 రూపాలు పుట్టించవచ్చు. వాటిలో నిజంగా వాడుకలో ఉన్నవే ఉంచి, ఎక్కువమంది వాడేదాన్ని ముందు పెట్టాలి. అంతే. పెద్ద సెర్చ్ ఇంజన్లు దీనికి సందర్భాన్ని, కోట్లాది వెతుకులాటల అనుభవాన్ని జోడిస్తాయి.

సొంత వెబ్‌సైట్‌కు ఇదంతా కొత్తగా రాసుకోనక్కర్లేదు. వెతుకులాట సాఫ్ట్‌వేర్లయిన లూసీన్, సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్‌లలో ఈ సదుపాయం ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మాటను మూడేసి అక్షరాల ముక్కలు చేసి పోల్చే పొడిగింపు ఉంది. అసలు మెలకువ వేరే చోట ఉంది. సూచనలు నిఘంటువులోంచి కాదు, మీ సైట్‌లో ఉన్న సరుకులోంచే రావాలి. మీ దగ్గర లేనిదాన్ని సూచిస్తే వెతికేవాడికి రెండోసారి నిరాశ. ఇక అడగకుండా మాట మార్చేసి ఫలితాలు చూపడం నా దృష్టిలో అమర్యాద. మార్చినా 'మీరు రాసినట్టే వెతకాలా?' అన్న దారి ఉంచాలి.

చిక్కంతా తెలుగుకు వచ్చేసరికే. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఎలాస్టిక్‌సెర్చ్ తన ఆటోమేటిక్ పద్ధతిలో ఆరు, అంతకు మించిన సంకేతాలున్న మాటకు రెండు తప్పుల దాకా మన్నిస్తుంది. కాబట్టి స్త్రీ కోసం వెతికితే 'త్రీ' స్టార్ హోటళ్లూ తగలవచ్చు! మరోపక్క 'విధ్యార్ధి' అన్న తప్పు చూడండి: ఒకచోట ద-ధల తికమక, ఇంకోచోట థ-ధల తికమక. చెవికి దగ్గరైన ద-ధ, థ-ధ, ల-ళ, న-ణ, శ-ష-స జంటల మార్పును సగం తప్పుగా, మిగతావాటిని పూర్తి తప్పుగా లెక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. 'అర్థం', 'అర్ధం' మాత్రం ఈ లెక్కకు దొరకవు. రెండూ సరైన మాటలే, పక్కనున్న మాటలు చూస్తే గానీ తేలదు.

కంటికి కనబడని తేడాలు ఇంకా ఉన్నాయి. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచవచ్చు. 'సాఫ్ట్‌వేర్' మధ్యలో పొల్లు విడిగా నిలవడానికి కనబడని సంకేతం ఒకటి ఉంటుంది. టైపు చేసేవాళ్లలో చాలామంది దాన్ని పెట్టరు. దాచే చోటా, వెతికే చోటా ఇలాంటివన్నీ ఒకే రూపంలోకి తేవాలి. ఆపైన ఇంగ్లీషు లిపిలో తెలుగు కొట్టేవాళ్లు. లక్ష్మిలోని 'క్ష'కు ఒకరు కె ఎస్ హెచ్ పెడితే, ఇంకొకరు ఎక్స్ పెడతారు. వాళ్లనూ వట్టి చేతులతో పంపకూడదు.

తెలుగు పుస్తకాల సైట్లు, పత్రికల ఆర్కైవులు నడిపేవారికి ఒక మనవి. ఏ సాఫ్ట్‌వేరూ కొనకముందు, ఫలితం ఒక్కటీ రాని వెతుకులాటల జాబితాను, వెతికినవారి పేర్లూ ఊళ్లూ లేకుండా, ఒక నెలపాటు రాయించండి. ఆ జాబితాను కూర్చుని చదవండి. మీ పాఠకులు ఎక్కడ తడబడుతున్నారో అందులోనే ఉంటుంది.