ఫిన్నిక్ భాషలలో దిక్కుల పేర్లు - అస్తమయ దిశ

ఫిన్నిష్ భాషలో 'ఎతెలా' దక్షిణము, 'లౌనస్' నైరృతి. గల్ఫునకు ఆవలి ఎస్టోనియనులో లౌనస్‌కు జ్ఞాతియైన 'లౌన' దక్షిణము. ఎతెలాకు జ్ఞాతియైన 'ఎదెల్' నైరృతి. సోదరభాషలు రెండు పదములను తారుమారు చేసికొన్నవి. దీనిని కేవలము అర్థవిపరిణామమని పట్టికలో చేర్చి విడుచుట మాకు సమ్మతము కాదు. లౌనస్, లౌన రెండింటికిని మధ్యాహ్నభోజనమను అర్థము నేటికిని కలదు. భోజనవేళ సూర్యుడున్న వైపు దక్షిణము కావచ్చును, కొంత జాగైనచో నైరృతియు కావచ్చును. దిక్సూచిలోని ఎనిమిది బిందువులకు పేర్లు స్థిరపరచునపుడు ఒక్కొక్క భాష ఒక్కొక్క విధముగా పంచుకొన్నదని మా అభిప్రాయము.

అస్తమయ విషయమున ఈ మాట మరింత స్పష్టము. వాయవ్యమునకు ఫిన్నిష్ పేరు 'లువొదె', ఎస్టోనియను పేరు 'లొఎ'. ఎస్టోనియనులో సూర్యుడు 'లోయ'కు పోవును, అస్తమయము 'లోయంగ్'. (మన లోయతో దీనికి సంబంధము లేదు.) వ్యుత్పత్తికారులు ఈ పదములన్నిటిని ఒక్కచోట చేర్చుదురు. క్రుంకుదిశ పడమర గాక వాయవ్యమేల? హెల్సింకి 60 డిగ్రీల అక్షాంశమున నున్నది. అచట జూన్ నెలలో సూర్యుడు వాయవ్యమునకును ఉత్తరముగా అస్తమించును. డిసెంబరులో నైరృతి ప్రాంతమున. ఈ రెంటి నడుమ 100 డిగ్రీలకు మించిన అంతరము. హైదరాబాదులో అది సుమారు 50 డిగ్రీలు మాత్రమే. కావుననే 'పడు' ధాతువు గల 'పడమర' మనకు సందేహము కలిగింపదు. తూర్పునకు ఫిన్నిష్ 'ఇతా'. మొలకెత్తుట యను క్రియకు ఇది బంధువు.

ఉత్తరమును తెలుపు 'పొహ్యొయినెన్'లోని 'పొహ్యా'కు అడుగుభాగమని అర్థము. ఎతెలాలో ముందువైపను అర్థము గల 'ఎతె' కలదు. సంస్కృతమున పూర్వము ముందుదిక్కు, దక్షిణము కుడిదిక్కు, ఉత్తరము పైది. తూర్పుమొగమై నిలిచినవాని దిక్కులవి. ఇవి దక్షిణమునకు మొగము పెట్టినవానివి. 1835లో తొలుత ప్రకటితమైన కాలేవాలాలోని పొహ్యోలాను 'ఉత్తరదేశ'మని మాత్రమే అనువదించినచో ఆ అడుగు, ఆ చీకటి జారిపోవును.

అయితే ప్రతి పేరును సూర్యునికే ముడిపెట్టరాదు. ఫిన్లాండునకు పడమటను దక్షిణమునను ఉన్న బాల్టిక్ సముద్రము ఫిన్నిష్‌లో 'ఇతామెరి', అనగా తూర్పు సముద్రము! ఇది స్వీడిష్ పేరునకు అనువాదము. ఎస్టోనియనులు తమ తీరమునుండి చూచి దానినే 'లానెమెరి', పడమటి సముద్రము, అందురు.