వెస్ మాంట్‌గోమరీ బొటనవ్రేలు

వెస్ మాంట్‌గోమరీ జాజ్ గిటారు రికార్డుల విషయంలో శ్రోతలు రెండు పక్షాలు. 1965 నాటి ‘స్మోకిన్ ఎట్ ది హాఫ్ నోట్’ను మెచ్చేవారిలో కొందరు, 1967లో వచ్చిన ‘ఎ డే ఇన్ ది లైఫ్’ను డబ్బుకు అమ్ముడుపోయిన సంగీతమంటారు. మొదటిదానిలో చిన్న బృందం నడుమ ఆయన మనోధర్మం స్వేచ్ఛగా పారుతుంది. రెండవదానిలో వయొలిన్ల నడుమ జనమెరిగిన పాటల వరుసలే ఎక్కువ.

మొదటిదే గొప్పదని మేమూ ఒప్పుకుంటాము. నిందను మాత్రం ఒప్పుకోము. ఇండియానాపొలిస్‌లో పగలు కర్మాగారంలో పనిచేసి, రాత్రి క్లబ్బులలో వాయించి, ఇరుగుపొరుగుల నిద్ర చెడకుండా బొటనవ్రేలితో మీటడం అలవరచుకున్న మనిషి ఆయన. కూలికి వచ్చినవారి సంతతి అయిన మనం, సంసారం కోసం సంపాదించడాన్ని తప్పనగలమా?

1968లో, 45 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. రెండు రికార్డులలోనూ ఆ మెత్తని మీటు ఒక్కటే. విని చూడండి.