బొమ్మకూ చలనానికీ మధ్య: బాపు బాలల దృశ్యకథనం

తెలుగు విమర్శ బాపును రెండు వాటాలుగా పంచుకుంది. చిత్రకారుడైన బాపు సాహిత్య విమర్శకులకూ, దర్శకుడైన బాపు సినీ విమర్శకులకూ దక్కారు. ఈ పంపకంలో బాలల కోసం ఆయన చేసిన కృషి ఎవరి వాటాకూ పూర్తిగా రాలేదు. ‘బాల’ పత్రికలోని బొమ్మలు, ‘బుడుగు’, ‘బాలరాజు కథ’, వీడియో పాఠాలు ఒకే అన్వేషణలోని దశలని గుర్తిస్తే, పసివాడి చూపును దృశ్యంగా మలచడంలో ఆయన ఎంతవరకు వెళ్లగలిగారో, ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది.

వశిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురంలో 1933లో జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణకూ, ధవళేశ్వరంలో 1931లో జన్మించిన ముళ్లపూడి వెంకటరమణకూ స్నేహం మద్రాసు బడిలో కుదిరింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ పత్రికలో 1945లో రమణ తొలి కథ వెలువడింది. బాపు చిన్ననాటి బొమ్మలకూ అదే వేదిక. పిల్లలకు ఏం కావాలో పెద్దవారై ఊహించుకోక, పిల్లలుగా ఉండగానే ఆ పనిలోకి దిగిన జంట ఇది.

1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చిన ‘బుడుగు’ ఈ కృషికి శిఖరం. ఇందులో బొమ్మ కథను అనుసరించదు, కథతో పోటీపడుతుంది. తాను పెద్దవాణ్ణయిపోయానని బుడుగు మాటల్లో దబాయిస్తాడు. బొమ్మలో మాత్రం బుడతడిగానే నిలబడతాడు. ఈ రెంటి నడుమ ఎడంలోనే హాస్యం పుడుతుంది. బాపు అక్షరాలు కూడా బొమ్మల వంటివే: అవి వంగుతాయి, సాగుతాయి. నిశ్చలమైన పుటలో చలనభ్రాంతి కల్పించే ఈ నేర్పు యానిమేషన్ కళకు అతి సమీపమైనది.

ఇక్కడొక కాలసామ్యం ఉంది. అదే 1956లో బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ చిత్ర విభాగం ఏర్పడింది. డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అక్కడివారికి శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడు ‘ది బేనియన్ డీర్’ వెలువడింది. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు కోరే ఆ కళకు ప్రభుత్వ ధనమూ, చిత్రకారుల బృందమూ అవసరం. తెలుగు వారపత్రికలో బాపుకు ఉన్నవి కుంచె, కాగితం, వారం గడువు. బుడుగు కదలకపోవడానికి ప్రతిభాలోపం కాక, ఈ వనరుల తేడాయే కారణమనడం సబబు.

సినిమాకు వచ్చాక కూడా బాపు షాట్లను ముందుగా బొమ్మలుగా గీసుకునేవారు. అయితే మాధ్యమం మారగానే పసివాడి స్వేచ్ఛ తగ్గింది. ఎ.పి. నాగరాజన్ తమిళ చిత్రం ‘వా రాజా వా’ ఆధారంగా 1970లో తీసిన ‘బాలరాజు కథ’ ఇందుకు నిదర్శనం. మహాబలిపురంలో యాత్రికులకు శిల్పాలను చూపించే బాలుడు రాతిబొమ్మలకు మాట ఇస్తాడు. ఇది నిజంగా బాపుకు తగిన వస్తువు. కాని కథాచట్రం అతనికి సూక్తుల సత్యాన్ని పరీక్షించే పని అప్పగించింది. బుడుగు పెద్దల లోకాన్ని తలకిందులు చేస్తాడు. బాలరాజు దాని విలువలను ధ్రువీకరిస్తాడు. నీతి చెప్పడం దోషం కాదు. నీతి ముందే నిర్ణయమై ఉండి, బాలుడు దానికి సాక్షిగా మాత్రమే మిగలడం దోషం.

ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో బాపు, రమణ బడిపిల్లల కోసం చేసిన వీడియో పాఠాలు ఈ చర్చలో కీలకమైనవి. సాహిత్యచరిత్రలు వీటిని ఇతర వ్యాపకాల పట్టికలో చేర్చి ముందుకు సాగుతాయి. పాఠ్యాంశం విధించే క్రమశిక్షణకూ, పిల్లవాడి కుతూహలానికీ మధ్య ఘర్షణ నేరుగా ఎదురయ్యేది ఇక్కడే. కాబట్టి వీటిని ‘బుడుగు’ పక్కన పెట్టి చదవవలసి ఉంది.

విచిత్రమేమిటంటే, బుడుగు చూపు బాలల చిత్రంలో కంటే పెద్దల కోసం తీసిన ‘ముత్యాల ముగ్గు’ (1975)లోనే ఎక్కువగా కనిపిస్తుంది. అందులో పిల్లలు ఆంజనేయుడితో ఇంటి మనిషితో మాట్లాడినంత చనువుగా మాట్లాడతారు. దేవుడు వారికి బోధకుడు కాడు, తోటివాడు. కెమెరా కూడా ఆ చనువును పెద్దల తర్కంతో ప్రశ్నించదు.