బెంగ చాలన్న పాట మీద బెంగ: కయెతానో వెలోజో స్మృతిరచనల్లో బోసా నోవా

వ్యాససంగ్రహం:
బ్రెజిల్ దేశపు బోసా నోవా సంగీతానికి ఆరంభంగా చెప్పుకొనే 1958 నాటి పాట పేరుకు ‘ఇక చాలు బెంగ’ అని అర్థం. వగపును సాగదీసే గానధోరణి నుంచి తప్పుకోవడానికి పుట్టిన ఆ సంగీతమే, ఒక తరం గడిచేసరికి, గతాన్ని తలచి వగచడానికి సాధనమైంది. కయెతానో వెలోజో 1968లో రాసిన ‘సౌదొజిజ్మో’ పాట, 1997లో ప్రచురించిన ‘వెర్దాదె త్రొపికాల్’ అనే స్మృతిగ్రంథం ఆధారంగా ఈ వైరుధ్యాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కరుణ, విప్రలంభాల మధ్య భరతుడు చూపిన భేదాన్ని ఇందుకు కొలబద్దగా తీసుకొన్నాను.

కీలకపదాలు: బోసా నోవా, సౌదాదె, స్మృతి, విప్రలంభం, స్మృతిరచన, కయెతానో వెలోజో, జొఆవ్ జిల్బెర్తో.

1. ప్రవేశిక

పెరిగే వయసులో విన్న సంగీతాన్ని గురించి రాసేవారు చాలాసార్లు సంగీతం గురించి తక్కువ, తమ వయసు గురించి ఎక్కువ రాస్తారు. బోసా నోవా విషయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. సముద్రతీరం, గిటారు, మెల్లని గొంతు, 1960ల నాటి రియో నగరం - ఆ కాలాన్ని ఎరుగనివారికి కూడా లేని జ్ఞాపకం పుట్టించడానికి ఈ నాలుగూ చాలు. ప్రపంచంలో అనేక కాఫీ దుకాణాల్లో నేటికీ ఈ సంగీతం వినిపించడానికి కారణం ఆ సౌకర్యమే. అయితే అది పుట్టిన చోట, పుట్టినప్పుడు, దాన్ని విన్నవారికి సౌకర్యం కలగలేదు. ఆశ్చర్యం కలిగింది, కొందరికి చిరాకు కలిగింది.

1958 జూలై 10న రియోలో జొఆవ్ జిల్బెర్తో అనే 27 ఏళ్ల గాయకుడు ‘షేగా దె సౌదాదె’ అనే పాటను రికార్డు చేశాడు. బాణీ ఆంతోనియో కార్లోస్ జోబీంది. సాహిత్యం కవి, దౌత్యాధికారి అయిన వినీసియుస్ ది మొరైస్‌ది. నిడివి సుమారు రెండు నిమిషాలు. అదే సంవత్సరం కాస్త ముందుగా ఎలిజెత్ కార్దోజో అనే ప్రసిద్ధ గాయని ఈ పాటనే పాడింది. అందులోనూ గిటారు వాయించింది జొఆవే. కాబట్టి కొత్తదనం బాణీలో కన్నా పాడిన తీరులో ఉన్నదనాలి. సాంబా వాద్యబృందంలో చిన్న డప్పులు పలికించే గతిని అతడు గిటారు తీగల మీదికి తెచ్చాడు. బొటనవేలు లయను నిలకడగా నడుపుతుంటే తక్కిన వేళ్లు దెబ్బకు అటూ ఇటూగా స్వరగుచ్ఛాలను మీటుతాయి. గొంతులో కంపితం లేదు, మాట్లాడినంత మెల్లగా సాగుతుంది. గిటారుకు ఒక్కోసారి ముందు, ఒక్కోసారి వెనుక నడుస్తుంది. మైక్రోఫోను లేకపోతే ఈ గానానికి ఉనికే లేదు. పెద్ద గొంతుతో దుఃఖాన్ని పరచి పాడే ‘సాంబా కన్సావ్’ రేడియోను ఏలుతున్న కాలంలో ఇది వచ్చింది.

కాలం కూడా అందుకు తగినట్టే ఉన్నది. ఈ రికార్డింగుకు 11 రోజుల ముందు బ్రెజిల్ స్వీడన్‌లో తొలిసారి ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిచింది. 50 ఏళ్ల ప్రగతిని 5 ఏళ్లలో సాధిస్తామన్న అధ్యక్షుడు కుబిషెక్ కొత్త రాజధాని బ్రజీలియాను కట్టిస్తున్నాడు. 1960 ఏప్రిల్ 21న రాజధాని అక్కడికి తరలింది. 1964లో సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. ఆ పాలన 1985 దాకా సాగింది. బోసా నోవా జ్ఞాపకాలన్నీ ఈ రెండు తేదీల నీడలో రాసినవే.

2. సౌదాదె - బెంగ

‘సౌదాదె’ను మరే భాషలోకీ అనువదించలేమని పోర్చుగీసు మాట్లాడేవారు గర్వంగా చెప్పుకొంటారు. ఆ గర్వాన్ని యథాతథంగా ఒప్పుకోనక్కరలేదు. తెలుగులో ‘బెంగ’ ఉన్నది. తల్లి ఊరికి వెళితే బిడ్డ పెట్టుకొనేది, అత్తవారింట కొత్తకోడలు పుట్టింటి మీద పెట్టుకొనేది అదే. తేడా మరోచోట ఉన్నది. బెంగ పెట్టుకొన్నవారు చిక్కిపోతారు, తిండి మానేస్తారు, జ్వరం తెచ్చుకొంటారు. బెంగను రుచి చూసేవారు అరుదు. సౌదాదెను మాత్రం రుచి చూస్తారు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో పోర్చుగల్ కవి తెయిషెయిరా దె పష్కోయిష్ దీన్ని జాతి ఆత్మగా నిలబెట్టి, ‘సౌదొజిజ్మో’ అనే సాహిత్యోద్యమానికి నాయకుడయ్యాడు. అటువంటి పదాన్ని పట్టుకొని ‘ఇక చాలు’ అని పాటకు పేరు పెట్టడంలోని తెగువను ఈ నేపథ్యంలో చూడాలి.

పాట నిర్మాణం కూడా ఆ పేరుకు తగినదే. మొదటి భాగం మైనరు శ్రుతిలో నడుస్తుంది: ఆమె లేదు, శాంతి లేదు. రెండో భాగం మేజరు శ్రుతికి మారుతుంది: ఆమె తిరిగి వస్తే ఎట్లా ఉంటుందో ఊహ. గమనించవలసినది, ఆమె ఇంకా రాలేదు. ఆ సంతోషమంతా ‘వస్తే’ అన్న షరతు మీద నిలిచి ఉన్నది.

నాట్యశాస్త్రం షష్ఠాధ్యాయంలో కరుణకూ విప్రలంభానికీ భేదం చెబుతూ భరతుడు మొదటిదాన్ని నిరపేక్షమనీ, రెండవదాన్ని సాపేక్షమనీ అన్నాడు. తిరిగి కలుస్తామన్న ఆశ తెగిపోతే కరుణ. ఔత్సుక్యం, చింత మిగిలి ఉంటే విప్రలంభం. స్మృతి అనే వ్యభిచారిభావం రెండింటిలోనూ సంచరించగలదు, అందువల్లనే మనం పొరబడుతుంటాం. ‘షేగా దె సౌదాదె’ నిస్సందేహంగా విప్రలంభం. దాన్ని తలచుకొంటూ తర్వాతి తరాలు రాసినదానిలో ఎంత విప్రలంభం, ఎంత కరుణ అన్నదే ఇక్కడి ప్రశ్న.

3. సాంతో అమారోలో ఒక రికార్డు

కయెతానో వెలోజో 1942లో బయీయా రాష్ట్రంలోని సాంతో అమారో అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 1956లో ఒక ఏడాది రియోలో ఉన్నాడు. అయితే సముద్రతీరపు సంపన్న ప్రాంతంలో కాక గ్వాదలూపె అనే శివారులో, బంధువుల ఇంట. 1959లో, 17 ఏళ్ల వయసులో, ఊరికి తిరిగివచ్చి చదువుకొంటుండగా జొఆవ్ పాట విన్నాడు. శ్రుతి తప్పి పాడే ఒక విచిత్ర గాయకుడున్నాడని, వింతలంటే ఇష్టపడే నీకు నచ్చుతాడని ఒక సహాధ్యాయి చెప్పినట్టు ‘వెర్దాదె త్రొపికాల్’లో రాసుకొన్నాడు. అంటే తొలి పరిచయం ప్రశంసతో కాదు, వేళాకోళంతో జరిగింది.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే ఘట్టం దీని తర్వాతిది. ఊరిలో ఒక నల్లజాతి దుకాణదారు జొఆవ్ ఎల్.పి. రికార్డు కొన్నాడు. దాన్ని పదేపదే వేసేవాడు. తనకు ఇష్టం గనుక వేసేవాడు. వినడానికి కుర్రాళ్లు తన దుకాణం ముందు చేరతారని తెలుసు గనుక కూడా వేసేవాడు. కయెతానో ఈ విషయాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగిపోతాడు. కానీ బోసా నోవా ఎవరిది అన్న వాదంలో ఈ దుకాణదారు ఒక సాక్షి. అతడు రియో అపార్ట్‌మెంటు కుర్రవాడు కాడు, విద్యావంతుడైన విమర్శకుడు కాడు. డబ్బిచ్చి రికార్డు కొనుక్కొన్న శ్రోత.

ఆ రికార్డులో 12 పాటలు. అంతా కలిపి అరగంట కూడా నిండదు. ‘కొత్త’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ సంగీతపు తొలి ఎల్.పి.లో ఆరీ బర్రోజో, దొరివాల్ కయీమీ వంటి పూర్వతరం రచయితల సాంబాలు కూడా ఉన్నాయి. జొఆవ్ సొంత ఊరు జుఅజెయిరోలో వీధి స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్ల నుంచి పాటలు వినిపించేవని రూయ్ కాస్త్రో వర్ణించాడు. పంచాయతీ రేడియో కింద నిలబడి పాటలు విన్న తరానికి ఈ దృశ్యం కొత్తది కాదు. జొఆవ్ కొత్తదనం చిన్ననాడు విన్న ఆ పాత పాటలతోనే తయారైంది. కయెతానో దీన్ని పసిగట్టాడు. జొఆవ్ తనకు ముందున్నదాన్ని చెరిపివేయలేదనీ, సాంబాను లోపలి నుంచి తిరిగి చదివాడనీ అతని అవగాహన. ఆ గొంతు ద్వారా వెనుకటి పాటలు కూడా తనకు కొత్తగా తెరుచుకొన్నాయంటాడు. ఇక్కడ స్మృతి వెనక్కి తీసుకుపోయే దారి కాలేదు. వినే పద్ధతిగా మారింది.

4. ఎవరి జ్ఞాపకం?

జోజె రామోస్ తిన్యొరావ్ 1960లలో బోసా నోవా మీద చేసిన దాడి ప్రసిద్ధం. 1966లో పుస్తకంగా వచ్చిన అతని వ్యాసాల సారాంశం ఇది: సాంబా పేదల, నల్లవారి సంగీతం, కొపకబానా అపార్ట్‌మెంట్లలో ప్రజలతో సంబంధం లేకుండా పెరిగిన మధ్యతరగతి యువకులు దాని లయను అమెరికన్ జాజ్ ప్రభావంతో మార్చి తమదిగా చేసుకొన్నారు. తిన్యొరావ్‌ను ఎగతాళి చేసి పక్కనబెట్టడం తేలిక, చాలామంది ఆ పనే చేశారు. కానీ అతని ప్రశ్నలో వర్గదృష్టి ఉన్నది. పెరిగే వయసులో ఇంట్లో గ్రామఫోను, చేతిలో గిటారు, తీరిక సమయం ఎవరికి ఉంటాయో వారి బాల్యమే జాతి బాల్యంగా నమోదవుతుంది.

రూయ్ కాస్త్రో 1990లో ‘షేగా దె సౌదాదె’ పేరుతోనే బోసా నోవా చరిత్ర రాశాడు. ఎందరినో కలిసి సేకరించిన వివరాలతో, హాస్యంతో సాగే గ్రంథమది. యువ సంగీతకారులు చేరే నారా లెయావ్ కొపకబానా ఇల్లు, రాత్రిపూట గోల భరించలేక ఇరుగుపొరుగు సీసాలు విసరడంవల్ల ‘సీసాల సందు’ అని పేరు పడిన చిన్న క్లబ్బుల వీధి - ఇవన్నీ అందులో కళ్లకు కట్టినట్టు ఉంటాయి. సమాచారం కోసం ఈ గ్రంథాన్ని మించినది దొరకడం కష్టం. అయినా చదివి ముగించాక మిగిలేది ఒక ముగిసిన పండుగ. అది ఎందుకు ముగిసిందో అన్న ప్రశ్నకన్నా, ముగిసిందే అన్న దిగులు పెద్దదిగా నిలుస్తుంది. భరతుని పరిభాషలో ఇది నిరపేక్షం.

నారా లెయావ్ ఉదాహరణ ఈ దిగులుకు ఎదురు నిలుస్తుంది. స్మృతిసాహిత్యమంతా ఎవరి ఇంటి చుట్టూ తిరుగుతుందో ఆమె 1964లోనే బోసా నోవాతో బహిరంగంగా తెగతెంపులు చేసుకొన్నది. ఆ డిసెంబరులో ‘ఒపినియావ్’ ప్రదర్శనలో రియో కొండవాడల సాంబా రచయిత జె కేతితో, ఈశాన్యం నుంచి వచ్చిన జొఆవ్ దొ వాలెతో కలిసి వేదిక ఎక్కింది. తన ఇంటి మీద ఇతరులకున్న బెంగ ఆమెకు లేదు.

5. 1968

1966లో ఒక చర్చలో మాట్లాడుతూ కయెతానో, బ్రెజిల్ పాట తన ‘పరిణామరేఖ’ను తిరిగి అందుకోవాలన్నాడు. అతడు చెప్పిన ఆ రేఖకు ఆధారం జొఆవ్. వెనక్కి వెళ్లాలనలేదు, తెగినచోట అందుకొని నడవాలన్నాడు. మరుసటి ఏడాది గాల్ కోస్తాతో కలిసి చేసిన తొలి ఎల్.పి. ‘దొమింగో’ మాత్రం చాలావరకు శిష్యుని పనే: మెల్లని గొంతు, నెమ్మది గిటారు.

1968 నాటి ‘సౌదొజిజ్మో’ ఆ శిష్యరికానికి వీడ్కోలు. అప్పటికతనికి 26 ఏళ్లు. ‘షేగా దె సౌదాదె’ వచ్చి పదేళ్లు. ఆ వయసులో బాల్యస్మృతి పాట రాయడం తొందరపాటుగా తోచవచ్చు. కానీ దేశం మారిన వేగం అటువంటిది. పాటలో ఒక జంట, వారి మధ్య జొఆవ్ రికార్డు, బోసా నోవా పాటల పేర్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. శ్రుతి తప్పడం అన్న పాత నింద ఇక్కడ ఒక తరం గుర్తింపుగా మారుతుంది. చివర 1958 పాట పేరే మళ్లీ మళ్లీ పలుకుతుంది. అక్కడ అర్థం తిరగబడింది. 1958లో ‘బెంగ చాలు’ అన్నది ప్రేయసి మీది బెంగ గురించి. 1968లో అదే మాట 1958 మీది బెంగకు వర్తిస్తుంది. పాట పేరుగా పష్కోయిష్ ఉద్యమపు పదాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికమైనా కాకపోయినా, ఆ వ్యంగ్యం పాఠకునికి అందుతుంది.

అదే ఏడాది జోబీం, శికో బువార్కెల ‘సాబియా’ రియో అంతర్జాతీయ గీతోత్సవంలో మొదటి బహుమతి పొందింది. 1843లో గొన్సాల్వెస్ జియాస్ రాసిన ప్రవాసగీతాన్ని తలపించే పాట అది. సైనిక పాలనను సూటిగా ఎదిరించే పాటకు బహుమతి రావాలని కోరుకొన్న ప్రేక్షకులు గోలతో దాన్ని ముంచెత్తారు. వారికది రాజకీయ స్పృహ లేని బెంగగా వినిపించింది. డిసెంబరు 13న సైనిక ప్రభుత్వం ఐదవ సంస్థాగత శాసనాన్ని తెచ్చింది. రెండు వారాలకు కయెతానో, జిల్బెర్తో జిల్ అరెస్టయ్యారు. 1969లో శికో ఇటలీలో, కయెతానో లండన్‌లో ఉన్నారు. వినీసియుస్ దౌత్యోద్యోగం అదే ఏడాది పోయింది. ప్రేక్షకులు గోల చేసిన బెంగ కొద్ది నెలల్లో వార్త అయింది.

6. ష్వార్జ్ అభ్యంతరం

‘వెర్దాదె త్రొపికాల్’ మీద వచ్చిన విమర్శల్లో లోతైనది 2012లో రొబెర్తో ష్వార్జ్ ప్రచురించిన వ్యాసం. గ్రంథాన్ని ఒక నవలలాగా చదివి, సాంతో అమారో, 1964కు ముందరి సాల్వదోర్ భాగాలను అతడు మనసారా మెచ్చుకొన్నాడు. అభ్యంతరం తర్వాతి మలుపు మీద. 1967లో గ్లౌబెర్ రోషా సినిమా ‘తెర్రా ఎం త్రాన్సె’ చూసినప్పుడు వామపక్ష ప్రజావాదం చనిపోయినట్టు తోచి తనకు విముక్తి కలిగిందని కయెతానో రాశాడు. ఆ విముక్తి చివరకు గెలిచినవారితోనూ, మార్కెట్టుతోనూ రాజీగా ముగిసిందని ష్వార్జ్ తీర్పు.

ఈ తీర్పుతో నాకు చాలావరకు ఏకీభావమే. గ్రంథం రెండో సగంలో కయెతానో తనను తాను సమర్థించుకొనే న్యాయవాది అవుతాడు. వాక్యాలు పొడవెక్కుతాయి, మినహాయింపులు పెరుగుతాయి. కానీ ష్వార్జ్ సంఘటనలను చదివినంత శ్రద్ధగా వినికిడిని చదవలేదనిపిస్తుంది. జొఆవ్ గొంతును వర్ణించే పుటల్లో సమర్థన లేదు. అక్కడ కయెతానో కోరేది ఒకటే: రెండు నిమిషాల పాటలో సాధ్యమైనంత మెలకువ, మితవ్యయం, పూర్వుల పట్ల గౌరవం దేశంలో ఎందుకు సాధ్యపడలేదు? దుకాణదారు నిలబడిన చోట నిలబడి అడిగితే ఆ ప్రశ్నకు కోపం కూడా వస్తుంది. ఇది సాపేక్షమైన స్మృతి. రావలసినది ఇంకా ఉన్నదని లెక్క అడిగే స్మృతి. గ్రంథం రెండో సగాన్ని తప్పుపట్టడానికి కావలసిన కొలబద్ద ష్వార్జ్‌కు బయట వెదకనక్కరలేదు, మొదటి సగంలోనే ఉన్నది.

గ్రంథం వెలువడిన మూడేళ్లకు, 2000లో, ‘జొఆవ్ వోజ్ ఎ వియొలావ్’ అనే ఆల్బం వచ్చింది. పేరులో ఉన్నట్టే అందులో గొంతు, గిటారు తప్ప మరేమీ లేవు. నిర్మాత కయెతానో. తొలినాటి ‘షేగా దె సౌదాదె’ను జొఆవ్ అందులో వాద్యబృందం లేకుండా మళ్లీ పాడాడు. దానితోపాటు ‘కొరసావ్ వగబుందో’ను కూడా పాడాడు. అది 1967 నాటి ‘దొమింగో’లోనిది, జొఆవ్ పాటలు వింటూ పెరిగిన కుర్రవాడు అతని పద్ధతిలో కట్టిన పాట.