వెబ్‌సైటుకు చిత్రాల ఎంపిక: ఒక విమర్శ

నర్మెట్ట ప్రాంతపు యువకులు కొందరు తమ పరిసరాలలోని ముస్లిముల చరిత్రపై ఒక వెబ్‌సైటు తయారు చేయ సంకల్పించి, అందులో చేర్చదలచిన చిత్రాలను అభిప్రాయం కోసం నాకు పంపారు. ప్రయత్నం ప్రశంసనీయమైనదే. కాని ఆ చిత్రాలలో మొదటిది చార్మినార్. రెండవది మక్కాలోని హరమ్ షరీఫ్. మూడవది ఏ దేశానిదో తెలియని ఎడారి, అందులో ఒంటె. నర్మెట్ట గాని, జనగామ గాని, 2016లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు ఈ మండలం చేరి ఉండిన వరంగల్లు గాని ఎక్కడా కనబడలేదు. ఒంటెను చూసి మొదట నవ్వు వచ్చింది, తరువాత బాధ కలిగింది. మనలను ఇతరులు ఎడారివాసులుగా చిత్రిస్తున్నారని ఫిర్యాదు చేసే మనమే ఆ పని చేయటం ఏమి న్యాయం?

వరంగల్లు కోట అనగానే కాకతీయ తోరణాన్ని చూపటం లోకానికి అలవాటు. 2014లో తెలంగాణ రాజచిహ్నంలో దానికి చార్మినార్‌తో పాటు స్థానం లభించింది. అది సముచితమే. అయితే ఆ తోరణాలకు పడమట కొద్ది దూరంలోనే ఖుష్ మహల్ నిలిచి ఉంది. లోపలికి వాలిన మందమైన గోడలు, పెద్ద పెద్ద కమానులు గల ఆ సభామందిరం తుగ్లక్ నిర్మాణ శైలికి చెందినది. జనులు దానిని శితాబ్ ఖాన్ మహల్ అని కూడా అంటారు. ఈ శితాబ్ ఖాన్ అసలు పేరు సీతాపతి. పారసీక బిరుదు ధరించిన తెలుగు నాయకుడు. దేవతామూర్తులను తిరిగి ప్రతిష్ఠించినట్లు 1504 నాటి శాసనం వేయించినవాడు. రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ పండితులు 2014లో వెలువరించిన గ్రంథంలో ఇతనిని గురించి విపులంగా చర్చించారు. తోరణం ఒకరిదనీ, మహల్ మరొకరిదనీ పంచుకునే వారికి ఈ మనిషి ఎవరి వాటాలోకి వస్తాడు? ఆ రెండు చిత్రాలనూ ఒకే పుటలో, పక్కపక్కన ఉంచవలసిందని నా సూచన.

మనుషుల చిత్రాలు పెట్టవచ్చునా అని వారు అడిగారు. ఈ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్, ఫోటో అనేది నీడను నిలిపి ఉంచటమే గాని సృష్టించటం కాదని వాదించి అనుమతించారు. మన ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి వారు అంగీకరించలేదు. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, నమాజులో ఉన్నవారిని వారికి తెలియకుండా ఫోటో తీసి లోకానికి చూపటం మర్యాద కాదు.

ఇక చిత్రాలను సిద్ధం చేసిన తీరు. ఇక్కడే నాకు ఎక్కువ కష్టం కలిగింది. ఒక చిత్రంపై ‘బిస్మిల్లాహ్’ వ్రాశారు. అరబ్బీ తెలియని సాఫ్ట్‌వేరు అక్షరాలను విడదీసి, ఎడమ నుంచి కుడికి పేర్చింది. (మన తెలుగు వత్తులను కూడా అది అలాగే ఊడగొడుతుంది.) మరొక చోట పారసీక శాసనపు ఫోటో అద్దంలో చూసినట్లు తిరగబడింది. పేజీ అందం కోసం తిప్పామన్నారు! చదవగలిగినవారు ఒక్కరైనా చూడకుండా ఏ లిపినీ పుటకెక్కించరాదు. శాసనాన్ని ఉదయమో సాయంత్రమో, ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఫోటో తీస్తే అక్షరాల నీడలు తేలి స్పష్టమవుతాయి. సుద్ద రుద్దటం రాతికి ద్రోహం. ఫోన్‌లో తీసిన పెద్ద ఫోటోను యథాతథంగా ఎక్కిస్తే పల్లెటూరి పాఠకుని డేటా అంతా దానికే ఖర్చవుతుంది. అసలు ప్రతిని భద్రపరచి, సుమారు 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించినది పెట్టవలెను. కాని జెపెగ్‌ను మరీ కుదిస్తే అక్షరాల అంచులు మసకబారుతాయి. చూపులేని వారికి యంత్రం చదివి వినిపించేందుకు ప్రతి చిత్రానికీ రెండు వాక్యాల తెలుగు వివరణ కూడా అవసరం.

1905లో మరణించిన రాజా దీన్‌దయాళ్ తీసిన నిజాం రాజ్యపు ఫోటోలను కూడా కొన్ని చేర్చారు. మంచిదే, కాని ఆయన పేరు వ్రాయలేదు. ఆరవ నిజాం ‘ముసవ్విర్ జంగ్’ బిరుదుతో గౌరవించిన మనిషికి ఒక పంక్తి చోటు కూడా ఇవ్వలేమా?

పై విషయాలన్నీ వారికి ఉత్తరంలో వ్రాశాను. రెండవ విడత చిత్రాలు వచ్చాయి. ఖుష్ మహల్ ఉంది, నర్మెట్ట వీధి ఉంది. ఒంటె కూడా ఉంది.