తురగవల్గనం దౌడు కాదు

ఆ మధ్య ఒక ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలో ఒక సాహిత్య సభకి వెళ్ళాను. ప్రబంధాల గురించి మాట్లాడుతున్న పెద్దాయన మధ్యలో తురగవల్గన రగడ ఒకటి చదివారు. చదివారు అనకూడదేమో, తోలారు. గుక్క తిప్పుకోకుండా, చివరి పాదానికి మొహం ఎర్రబడేంత వేగంగా. "చూశారా, గుర్రం ఎలా పరిగెత్తిందో!" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అశోక్‌నగర్‌లో మా ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం ఒక అనుమానం మొదలైంది. ఆ రగడలో యుద్ధం లేదు. కొందరు అమ్మాయిలు తోటలో పూలు కోస్తున్నారు. పూలు కోయడానికి అంత తొందరెందుకు?

నేను ఛందస్సు చదువుకున్నవాణ్ణి కాదు. చదివింది ఇంజనీరింగ్, రాసేది కోడ్. తేడా కనిపిస్తే లాగ్స్ తిరగేయడం ఒక్కటే అలవాటు. మర్నాటి శనివారం సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాను. గ్రూప్స్‌కి చదివే పిల్లల మధ్య అక్కడ కుర్చీ దొరకడమే ఒక పోటీ పరీక్ష. లక్షణ గ్రంథాలు చెప్పే తొమ్మిది రగడల్లో మూడు మాత్రల గణాలు నాలుగైతే హయప్రచారం, ఎనిమిదైతే తురగవల్గనం. అయిదు మాత్రలవి నాలుగైతే ద్విరదగతి, అంటే ఏనుగు నడక. మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రలు రెండుసార్లు వస్తే హరిణగతి, నాలుగుసార్లు వస్తే వృషభగతి. గురజాడ ముత్యాల సరాల కింద వినిపించేది ఈ ఎద్దు నడకే. కన్నడంలో ఇవే రగళెలు. అక్కడ మూడు మాత్రలది ఉత్సాహ, నాలుగుది మందానిల, అయిదుది లలిత. జంతువుల్లేవు. ఆ ఉత్సాహ గతిని విని గుర్రం అనుకున్నవాళ్ళు మన లాక్షణికులే. అది అలంకారం కోసం పెట్టిన పేరు కాదని, ఎవరో నిజంగా డెక్కల చప్పుడు విని పెట్టారని నా వాదన.

విన్నది ఏ చప్పుడు? గుర్రం నడిస్తే నాలుగు దెబ్బలు. ఇంగ్లీషులో ట్రాట్ అనే దానిలో, మన హైదరాబాదీ ఉర్దూలో దుల్కీ, ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి కాబట్టి రెండే. కాంటర్‌లో మూడు. పూర్తి పరుగులో మళ్ళీ నాలుగు, ఒకదాని మీద ఒకటి పడిపోతూ. వికీపీడియా చదివి ఒప్పుకోవడం ఎందుకని మెట్రో ఎక్కాను. చిక్కడపల్లి నుంచి మూడో స్టేషన్ ఎంజీబీఎస్, అక్కడ లైను మారితే తర్వాతది మలక్‌పేట. మౌలాలీలో ఉండే రేసుల్ని 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెచ్చిపెట్టిన చోటు.

రేసు నన్ను నిరాశపరిచింది. గుంపుగా వచ్చేటప్పటికి వినిపించేది లయ కాదు, దూరంగా లారీ లోడు దింపుతున్నట్టు ఒకటే గర్జన. నిమిషంన్నరలో అయిపోయింది. పక్కాయన పుస్తకంలో పెన్సిల్‌తో ఏదో కొట్టేసుకున్నాడు. (గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించిన ఆటేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. ఆయన మొహంలో ఆ ఊరట కనిపించలేదు.) కానీ రేసుకి ముందు, జాకీలు గుర్రాల్ని స్టార్టింగ్ గేట్ల వైపు తీసుకెళ్తారు చూడండి, అప్పుడు అవి కాంటర్‌లో వెళ్తాయి. ఒక్కో గుర్రం విడివిడిగా, రెయిలింగ్ పక్కనుంచి. అక్కడ వినిపించింది నాకు హయప్రచారం. టకట, టకట, టకట. నిజం చెప్పాలంటే సరిగ్గా సరిపోదు. మూడో దెబ్బ తర్వాత నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే చిన్న ఖాళీ ఒకటుంది, త్రిమాత్రా గణంలో ఆ ఖాళీకి చోటు లేదు. అయినా రేసు గర్జన కంటే ఇదే రగడకి దగ్గర.

వేగం మీద మనకున్న ఈ మోజు గుర్రం నుంచి వచ్చింది కాదు. మనకి రేసుగుర్రం అంటే అల్లు అర్జున్ సినిమా, లేకపోతే కార్పొరేట్ కాలేజీ హోర్డింగు. అన్ని పందాలూ అలా ఉండవు. అమెరికా, ఫ్రాన్స్, స్వీడన్ లాంటి చోట్ల రెండు చక్రాల చిన్న బండి కట్టి పెట్టే పందాల్లో గుర్రం దుల్కీలోనో, ఒకే పక్క కాళ్ళు కలిపి వేసే పేస్‌లోనో వెళ్ళాలి. ఉత్సాహం ఆపుకోలేక పరుగులోకి మారిందా, వెనక్కి లాగి మళ్ళీ ఆ గతిలో పెట్టాలి, లేదంటే పోటీ నుంచి అవుట్. ఐస్‌లాండ్ గుర్రాలకి పేస్ కాక టోల్ట్ అని ఇంకో నడక ఉంది, కుదుపు లేని నాలుగు దెబ్బలు. నిండు బీరు గ్లాసు చేత్తో పట్టుకుని ఒలకకుండా స్వారీ చేసే పోటీలు పెడతారు. ఈ నడకలకి డీఎమ్ఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పు కారణమని 2012లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లో అలాంటి సాఫీ నడకని రేవాల్ అంటారు. గతి తప్పితే ఓటమి అనే పందెం ఒకటుందని తెలిశాక ఆ పెద్దాయన రగడ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆయన గెలిచారనుకున్నాం, డిస్‌క్వాలిఫై అయ్యారు.

ఇక వల్గనం. అమరకోశం గుర్రానికి అయిదు గతులు చెబుతుంది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. దూకుడు కావాలంటే ప్లుతం ఉంది. వల్గితం అంటే ఏమిటో పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు వివరించాడు. ముందుభాగం పైకెత్తి, మొహం లోపలికి వంచి, వెనకభాగం కిందికి దించి సాగడం. ఇది చదవగానే నాకు కనిపించింది యుద్ధాశ్వం కాదు, నారాయణగూడలో బరాత్ గుర్రం. బ్యాండు ముందు మెడ విల్లులా వంచి, కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, ముందుకి పెద్దగా వెళ్ళకుండా ఉన్నచోటే ఊగుతుంది కదా, అదే. (ఆ మెడ వంపులో కళ్ళెం లాగిన నొప్పి కూడా ఉందని మర్చిపోవద్దు.) పూలు కోసే అమ్మాయిలకి కవి ఈ ఛందస్సే ఎందుకు ఎంచుకున్నాడో ఇప్పుడు అర్థమవుతుంది. మునివేళ్ళ మీద లేవడం, కొమ్మ వంచడం, మళ్ళీ దిగడం. ముందుకు పోవాలన్న తొందర ఎవరికీ లేదు. వేగంగా చదివితే పోయేది ఈ వంపే.

కిందటి నెల మా కజిన్ బరాత్ అయ్యాక, బ్యాండువాళ్ళు ట్యూబ్‌లైట్లు సర్దుకుంటుంటే గుర్రమాయన గుర్రాన్ని ఇంటికి తోలుకెళ్తున్నాడు. రోడ్డు ఖాళీ. చప్పుడు మారింది. సమానంగా నాలుగు, మధ్యలో ఖాళీ లేకుండా. ఆయన తల ఒక్క అంగుళం కూడా పైకీ కిందికీ కదలట్లేదు. అడిగితే, "ఇది రేవాల్ సార్, మీద కూసుంటే చాయ్ గిలాస గూడ తొణకది, ఎక్కుతరా?" అన్నాడు. గతంలో ఒకసారి రైడింగ్ క్లాసులో దుల్కీ మీద కూర్చుని నడుం పోగొట్టుకున్నవాణ్ణి. భయంగానే ఎక్కాను. సందు చివరిదాకా తీసుకెళ్ళాడు. గుర్రం వీపు ఎగరదు. రెండు పక్కలా మార్చి మార్చి ఒదుగుతుంది, అంతే. వేగం తెలిసేది చెవుల దగ్గర గాలి వల్లే.

దిగాక నా వాదనకి నేనే ఒక చిక్కు తెచ్చుకున్నాను. నాలుగు మాత్రల గణాలు ఎనిమిది వచ్చే రగడ పేరు హరిగతి. హరి అంటే విష్ణువు, సింహం, కోతి. గుర్రం కూడా. గుర్రమైతే మూడు మాత్రలే గుర్రానివన్న నా లెక్క తప్పుతుంది. లేదా ఆ పేరు పెట్టినవాడు మలక్‌పేట గుర్రాన్ని కాక, అర్ధరాత్రి ఇంటికెళ్ళే ఈ గుర్రాన్ని విని ఉండాలి. హరిగతిలో పద్యాలు వెతుకుతున్నాను. మీ దగ్గరుంటే పంపండి, నెమ్మదిగా చదువుతాను.