మంచం దిగాక మొదలయ్యే వైద్యం

సోంపేట ప్రభుత్వాసుపత్రిలో డయాలిసిస్ మిషను ఒక్కో రోగి రక్తాన్ని నాలుగేసి గంటల పాటు వడగట్టి పంపిస్తుంది. వారానికి రెండు మూడు సార్లు. తక్కిన గంటలన్నీ రోగివే. సోంపేట ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మందు, మిషను, పింఛను గురించి ఊరూరా మాట్లాడుకుంటాం. కానీ కొబ్బరి చెట్లెక్కి బతికిన మనిషి ఇక ఎక్కలేనప్పుడు తెల్లారి నుంచి పొద్దుపోయే దాకా ఏం చెయ్యాలన్నది ఎవరు చూడాలి? ఆక్యుపేషనల్ థెరపిస్టు.

ఈ పేరు మన వైపు పెద్దగా వినబడదు. ఫిజియోథెరపిస్టు భుజం లేచేలా చేస్తే, లేచిన భుజంతో చొక్కా తొడుక్కోగలడా, నూతిలో చేద వెయ్యగలడా అన్నది వీళ్ళు చూస్తారు. అమెరికాలో పుట్టి మరాఠీ ఇంటి కోడలైన కమలా నింబ్‌కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ చదువుకి మన దేశంలో తొలి బడి పెట్టారు. ఈ వృత్తికి దేశమంతటా వర్తించే చట్టం మాత్రం 2021లో గానీ రాలేదు.

మంచి థెరపిస్టు ముందు చేసేది అడగడం. ఎక్కడ నొప్పి అని కాదు. "తాతా, లేచిన కాణ్ణుంచి ఏటేటి చేస్తావు? అందులో ఏది చెయ్యలేకపోతే నీకు కష్టంగా ఉంది?" అని. చెట్టెక్కలేకపోతున్నానంటాడని మనం అనుకుంటాం. స్నానం పెళ్ళాం చేత చేయించుకోవడం సిగ్గుగా ఉందంటాడు. వైద్యం అక్కడ మొదలవ్వాలి. "రోజువారీ పనులు: ఫర్వాలేదు" అని ఫారం మీద టిక్కు పెట్టి పంపడం గుమాస్తాగిరీ.

స్నానం అంటే ఒక్క పని కాదు. బకెట్టు మొయ్యడం, గొంతుకూర్చోవడం, చెంబెత్తడం, వీపు రుద్దుకోవడం, లేవడం. ఆయాసం ఎక్కడొస్తోందో దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. మోకాలెత్తు స్టూలు వేస్తే సగం అలుపు తగ్గుతుంది. బకెట్టు నిండా కాకుండా రెండు విడతలుగా తెచ్చుకోవచ్చు. ఎడమచేతికి ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉంటే బరువు కుడిచేత్తోనే ఎత్తాలి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకూడదు, బిగుతు వాచీ పెట్టకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. రోజూ వేళ్ళతో తాకి లోపల జుమ్మనే అదురు ఉందో లేదో చూసుకోవాలి. అదురు ఆగితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. డయాలిసిస్ అయిన రోజు ఒళ్ళు తేలిపోతుంది గనుక కాస్త శ్రమ ఉన్న పనులు మర్నాటికి పెట్టుకోవాలి.

చెట్టెక్కే పని పోయినంత మాత్రాన తోట పోనక్కర్లేదు. నీడన కూర్చుని ఈనెలు తీసి చీపుళ్ళు కట్టొచ్చు, కూలీలకు పురమాయించవచ్చు. తోట తనదే అయినా బొండం నీళ్ళు మాత్రం డాక్టరు సరేనంటే తప్ప తాగకూడదు, పొటాషియం ఎక్కువ. ఉద్దానం వాడికి ఇంతకంటే అన్యాయమైన పథ్యం ఉండదనుకుంటాను.

పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళది ఇంకో సంగతి. తొక్కలోని నూనె తగిలితే చర్మం కాలుతుంది, అందుకే వేళ్ళకి బూడిదో నూనో రాసుకుంటారు. పొట్టు తీసేవాళ్ళు సన్నటి చాకుని గంటల తరబడి చిటికెడు పట్టుతో నొక్కి పట్టాలి, దాంతో బొటనవేలి మొదలు పీకుతుంది. పని మానెయ్యమ్మా అనేస్తే కూలి ఎవరిస్తారు? చాకు పిడికి గుడ్డో సైకిలు ట్యూబో చుట్టి లావు చేస్తే పట్టు వదులవుతుంది. పీట ఎత్తు మార్చాలి, మధ్యమధ్య చెయ్యి ఆపాలి. ఖర్చు ఏమంత లేదు, కానీ ఫ్యాక్టరీలో ఆమె పక్కన కాసేపు కూర్చుని చూడనివాడికి ఇది తట్టదు.

సోంపేటకి కళ్ళ వైద్యంలో పెద్ద పేరుంది. ఇక్కడి ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి డాక్టర్ బెన్ గల్లిసన్ పని విని కెనడా వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే కంటి వైద్య సంస్థ మొదలుపెట్టారు. శుక్లం తీస్తే చూపు వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు రాదు, అక్కడ మళ్ళీ థెరపిస్టు కావాలి. అలాంటివాళ్ళకి మెట్టు అంచున తెల్ల సున్నం గీత, అన్నానికి ముదురు రంగు పళ్ళెం ఉంటే తడుములాట తగ్గుతుంది.

ఇంట్లోవాళ్ళ ప్రేమతోనూ చిక్కే. నాన్న అలిసిపోతాడని ముద్దలు కలిపి పెడితే, నెలకల్లా ఆ చెయ్యి నోటిదాకా రావడం మానేస్తుంది. అందుకే వాళ్ళనీ కూర్చోబెట్టి, ఎంతవరకు సాయం పట్టాలో, ఎక్కడ చేతులు కట్టుకుని నిలబడాలో చేసి చూపించాలి. నెల తర్వాత తాతని మళ్ళీ అదే ప్రశ్న అడగాలి. జవాబు మారి ఉంటుంది. స్టూలు తీసెయ్యాలో, వంటింట్లో ఇంకోటి వెయ్యాలో అప్పుడు తెలుస్తుంది.